రక్తంలో పులుపు

కిందటి వానాకాలంలో, ఉప్పలగుప్తంలో మా మేనమామగారి కాలికి కొబ్బరిమట్ట గీరుకుంది. పసుపు అద్ది గుడ్డ కట్టారు. మూడోనాటికి పిక్క వాచింది. నాలుగోనాటి రాత్రి వొళ్లు చల్లబడి, ఎగశ్వాసతో ఏవో పొంతన లేని మాటలు మొదలుపెట్టారు. తెల్లవారనిచ్చి చూద్దామన్నవాణ్ణి నేనే.

పొద్దున్నే అమలాపురం, అక్కణ్ణించి యెదుర్లంక వంతెన మీదుగా కాకినాడ. నెత్తురు పరీక్ష చూసి డాక్టరుగారు, "లాక్టేటు 6 దాటిందండీ, 2 లోపు ఉండాలి" అన్నారు. నేను కాలేజీలో తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. లాటిన్‌లో ఆ మాటకు మూలం పాలనీ, షీలే అనే స్వీడన్ రసాయనికుడు 1780లో పులిసిన పాలనుంచి దాన్ని తీశాడనీ మాత్రం తెలుసు. తెలిసింది చెప్పకుండా ఉండలేని వృత్తి కదా! వెంటనే మా అత్తయ్య, "అయితే పెరుగు మానిపించెయ్యమంటావా అబ్బాయ్?" అంది.

పెరుగుతో వచ్చింది కాదది. మన వొంట్లో చక్కెర రెండంచెలుగా ఖర్చవుతుంది. మొదటి అంచెకు ప్రాణవాయువు అక్కర్లేదు, రెండోదానికి కావాలి. పరుగెత్తినప్పుడు రెండో అంచె అందుకోలేక లాక్టేటు మిగులుతుంది. కాసేపు కూర్చుంటే కాలేయం దాన్ని మళ్లీ చక్కెరగా మార్చేస్తుంది. మంచం పట్టిన మనిషి పరుగెత్తకపోయినా అది పేరుకుంటుంది. పుండు విషం రక్తానికెక్కి రక్తపుపోటు పడిపోతే అవయవాలకు ప్రాణవాయువు చాలదు. చాలినా, జబ్బు ధాటికి ఊరిన ఎడ్రినలిన్ చక్కెరను అదేపనిగా విరగ్గొట్టిస్తుంది. డస్సిన కాలేయం దాన్ని తీసెయ్యలేదు. 1843లోనే షెరర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు బాలింతజ్వరంతో పోయిన స్త్రీల రక్తంలో దీన్ని చూశాడు.

"పులుపే కదా, సోడా ఎక్కించరాదా?" అన్నాను. ఆమ్లం మరీ ముదిరితేనే అదీ, అసలు వైద్యం వేరన్నారు. అప్పటికే సెలైనూ, సూక్ష్మజీవులను చంపే మందూ ఎక్కుతున్నాయి. పోటు నిలబెట్టే మందు తోడైంది. పుండు కోసి కడిగారు. కొన్ని గంటలకోసారి మళ్లీ లాక్టేటు పరీక్ష. మామయ్య మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ బిళ్లలూ ఆపించారు. మూత్రపిండాలు మొరాయిస్తే ఆ మందు వొంట్లో నిలిచి లాక్టేటును ఇంకా పెంచుతుందట. ఆ బిళ్లల సంగతి ఆయన అడిగేదాకా మాకెవరికీ చెప్పాలని తోచలేదు.

వీటితోబాటు థయామిన్ సూది కూడా వేశారు. బి-1 విటమిన్ అన్నమాట. అది లేకపోతే, ప్రాణవాయువు ఎంతున్నా రెండో అంచె తలుపు తెరుచుకోదు. సరిగ్గా తినని రోగి గనుక ముందుజాగ్రత్త అన్నారు. నాకు మన సర్కారు జిల్లాల బెరిబెరి గుర్తొచ్చింది. మద్రాసు వైద్యశాఖలోని మాల్కంసన్ 1835లోనే ఆ జబ్బు మీద పుస్తకం రాశాడు. కాళ్లు పొంగి, గుండె నీరసించి, గసతో మనుషులు పోయేవారు. తవుడుతో ఆ విటమిన్ పోతుందని అప్పటికెవరికీ తెలియదు. ఉప్పుడు బియ్యం తినేవారికి అది కొంత దక్కుతుంది. వడ్లు ఉడికించినప్పుడు గింజలోకి ఇంకుతుంది. తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమే మనకు ప్రీతి!

మర్నాడు సాయంత్రానికి లాక్టేటు 4కి దిగింది, మూడోనాటికి 2 లోపుకి వచ్చింది. కళ్లు తెరిచాక మామయ్య మొదట అడిగింది మజ్జిగన్నం. అత్తయ్య గిన్నె చేత్తో పట్టుకుని నావైపు చూసింది.

"పెట్టవచ్చండీ" అన్నారు డాక్టరుగారు.