జెంబేతో నా తంటాలు!

'ది విజిటర్' సినిమా చూశారా? 2007లో వచ్చింది. టామ్ మెకార్తీ తీశాడు. పియానో పట్టుబడని ఓ పెద్దవయసు ప్రొఫెసరుగారు సిరియా కుర్రాడి దగ్గర జెంబే నేర్చుకుని, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పదిమంది మధ్య కూచుని వాయించేస్తాడు. ఆ వేషంతో రిచర్డ్ జెన్‌కిన్స్ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. నేను మాత్రం మా వీధి చివరి కమ్యూనిటీ హాలు దాకా వెళ్ళాను!

తూర్పు లండన్‌లో చదువుకుంటున్న రోజులవి. ఆ హాల్లో ప్రతి గురువారం సాయంత్రం జెంబే క్లాసు. ఓ నర్సు, ఓ బస్సు డ్రైవరు, రిటైరైన టీచరమ్మ, నా బాపతు విద్యార్థులు కొందరు... మొత్తం పదిహేనుమందిమి. నేర్పేది గినీ దేశపు మాస్టారు.

ఒంటి మానును తొలిచి మేకతోలు బిగిస్తే జెంబే. పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. శబ్దాలు మూడే! మధ్యలో అరచేత్తో కొడితే బాస్, అంచున వేళ్ళు కలిపి కొడితే టోన్, వేళ్ళు వదులుగా విసిరితే స్లాప్. మూడేగా అనుకున్నాను. రెండో వారానికి అరచేతులు కందిపోయాయి గానీ నా స్లాప్ స్లాప్ కాలేదు.

మొదటి పాఠం 'కస్సా'. గినీలో మాలింకేల పొలంపనుల లయ. కోతలప్పుడు వాద్యగాళ్ళు పొలానికే వెళ్ళి వాయిస్తారు. పుల్లలతో కొట్టే డోళ్ళు మూడు - కెంకెని, సంగ్బాన్, దునున్బా - పునాది వేస్తుంటే పైన జెంబేలు. నాకిచ్చింది మళ్ళీ మళ్ళీ కొట్టాల్సిన చిన్న ముక్క. హీరో వేషానికి వెళితే గ్రూప్ డాన్సులో వెనక వరస ఇచ్చినట్టు! అదైనా నిలబెట్టానా? పక్కావిడ దెబ్బ చెవిన పడగానే నా చెయ్యి ఆవిడ దారి పట్టేది. "చేతులు చూసుకోకు, కెంకెని విను" అనేవారు మాస్టారు. ఆయన జెంబే మీద సైగ ఇవ్వగానే అందరూ టక్కున ఆగాలి. ఓసారి అందరూ ఆగారు. నేనొక్కణ్ణే టపాటపా బాదుతున్నాను! హాలంతా ఒకటే నవ్వు.

ఓ గురువారం వాయించడం మాని 'జెంబేఫోలా' చూపించారు. 1991 డాక్యుమెంటరీ. బ్రసెల్స్‌లో ఉంటున్న జెంబే విద్వాంసుడు మామాడి కేయిటా ఎన్నో ఏళ్ళకు గినీలోని సొంతూరికి వెళ్ళడం అందులో కథ. (ఆయన 2021లో పోయారు.) సినిమా అయ్యాక మాస్టారు, "కోరా వాద్యం వాయించాలంటే గ్రియోల ఇంట పుట్టాలి. జెంబేకి ఆ పట్టింపు లేదు, ఎవరైనా వాయించొచ్చు. మీ ఊళ్ళో ఏ డోలుంది?" అని నన్నడిగారు.

డప్పు, అన్నాను. వాయించడం వచ్చా అన్నారు. నోరు పెగల్లేదు.

వాయించేవాళ్ళది ఊరి చివరి మాదిగవాడ. ఎనిమిదేళ్ళప్పుడు మంట దగ్గర కాగుతున్న డప్పుని ముట్టుకున్నానని నాయనమ్మ బావి దగ్గర నిలబెట్టి నా నెత్తిన నీళ్ళు కుమ్మరించింది. ఆ తోలే లండన్‌లో వారం వారం డబ్బు కట్టి ముట్టుకుంటున్నాను!

పోయిన దసరాకు ఊరెళ్ళాను. ఆనాటి డప్పు మనిషి ఇప్పుడు అరవై దాటినవాడు. గడ్డిమంట మీద డప్పు కాపుతున్నాడు. చిన్నప్పుడు "ఒరే" అని పిలిచేవాణ్ణి ఆయన్ని. ఈసారి, "మామా, నాకు నేర్పుతవా?" అన్నాను. అరుగు మీద మావాళ్ళు మాటలాపి చూస్తున్నారు. ఆయన వాళ్ళవైపోసారి, నావైపోసారి చూశాడు. తర్వాత డప్పు తీసి నా భుజానికి తగిలించాడు. నా లండన్ విద్య చూపిద్దామని అరచెయ్యి ఎత్తాను.

"చేతుల్తోటి గాదు పటేలా, పుల్లల్తోటి!"

కుడిచేతికి సిర్ర ఇచ్చాడు, ఎడమచేతికి సిటికెన పుల్ల. మొదటి దెబ్బకే సిటికెన పుల్ల జారి మంటలో పడింది.