కల్లాల నిండా వడ్లున్న చోట ఆకలెక్కడిది?

అపోహ: వరి ఇంతగా పండే జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఆకలి ఊసే ఉండదు.

వాస్తవం: పస్తులు తగ్గిన మాట నిజం. ఆకలి మాత్రం వేరే రూపంలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 58 శాతం మందికి రక్తహీనత. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే. పప్పు, పాలు, గుడ్డు కొనాలంటే మాత్రం చేతిలో పైసలాడాలి. కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో ఆ పైసలు ఆడవాళ్లు చుట్టే బీడీలవే. ఆకు, తంబాకు రాని రోజు కూలీ లేనట్టే.

అపోహ: మహిళా సంఘం పని అప్పులిచ్చి కిస్తీలు వసూలు చేయడమే.

వాస్తవం: 2000లో మొదలై ఉమ్మడి రాష్ట్రమంతా పాకిన ‘వెలుగు’ పథకంలో సంఘాలు బియ్యం సంగతి కూడా చూశాయి. ఏ ఇంటికి ఎంత కావాలో రాసుకుని, గ్రామ సమాఖ్య టోకున కొని, అరువు మీద పంచేది. సభ్యులు వాయిదాల్లో కట్టేవారు. చిల్లర కొట్టు ధరల బాధ, షావుకారు అరువు బాధ ఒక్కసారే తగ్గాయి.

ఇప్పుడు ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కేంద్రాల్లో సర్కారు తరఫున వడ్లు కొనేదీ ఈ సంఘాలే. కోతల కాలంలో ఏ కేంద్రానికైనా వెళ్లి చూడండి. పిడికెడు వడ్లు తేమ మిషన్‌లో పోస్తారు. 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయమంటారు, రైతు గొడవపడతాడు. మబ్బు పడితే టార్పాలిన్ల కోసం ఉరుకులు. లారీ రాకపోతే తిట్లు తినేదీ వీళ్లే. క్వింటాలుకు ముప్పై రూపాయల పైచిలుకు వచ్చే కమీషన్ సంఘానిదే. ఇంత చాకిరీకి అది చాలదని నా లెక్క.

అపోహ: గల్ఫ్‌కు పోతే ఇల్లు గట్టెక్కినట్టే.

వాస్తవం: కొన్ని ఇళ్లు గట్టెక్కాయి. చాలామంది మొదటి జీతాలు వీసా అప్పుకే పోతాయి. అందాకా ఇల్లు నడిపేది మళ్లీ బీడీలే.

అపోహ: సర్కారు ఆర్డరుంటే సిరిసిల్ల సాంచాలకు (మరమగ్గాలకు) ఢోకా లేదు.

వాస్తవం: 2017 నుంచి బతుకమ్మ చీరలు ఏటా నెలల తరబడి పని ఇచ్చాయి. ఆ ఆర్డరు ఆగగానే సాంచాలూ ఆగాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకిచ్చే చీరల ఆర్డరొచ్చి మళ్లీ ఆడాయి. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు నేతన్న పని వాడి చేతిలోనే ఉంటుంది.

అపోహ: ఊరోళ్లు కలిసి వ్యాపారం చేయలేరు.

వాస్తవం: ఉమ్మడి కరీంనగర్‌లోనే ఉండిన ముల్కనూరులో 1956లో పెట్టిన సహకార సంఘం అప్పు, ఎరువు, విత్తనం ఇస్తుంది. సభ్యుల వడ్లు, పత్తి తనే కొంటుంది, మిల్లులూ తనే నడుపుతుంది. అక్కడి మహిళా డెయిరీలో సభ్యత్వం ఆడవాళ్లదే, పాలకవర్గంలోనూ వాళ్లే. పాల పైసలు వాళ్ల పేరు మీదే జమవుతాయి.