కొలువు శ్రీసిటీలో... కాపురం సూళ్లూరుపేటలో

ఒకప్పుడు తడ అంటే ఆంధ్రా-తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు, బారులు తీరిన లారీలు. నేడు ఆ చుట్టుపక్కలే సెల్‌ఫోన్లు, ఏసీలు, మెట్రో బోగీలు తయారవుతున్నాయి. కర్మాగారాలు వచ్చాయి సరే... వాటిని నడిపేవాళ్లకు నగరం వచ్చిందా?

తెల్లవారుజామునే సూళ్లూరుపేట హైవే పక్కన జనం పోగవుతారు. మెడలో ఐడీ కార్డు, భుజాన సంచి, అందులో అన్నం డబ్బా. ఎక్కువమంది పాతికేళ్లలోపు వాళ్లే, వారిలో అమ్మాయిలూ ఎందరో. కంపెనీ బస్సు ఆగగానే ఎక్కి, కిటికీకి తలవాల్చి మిగిలిన నిద్ర తీర్చుకుంటారు. రాత్రి షిఫ్టు ముగించినవాళ్లు అదే రోడ్డు మీద దిగి, టీ తాగి గదుల దారి పడతారు. పేట సందుల్లో తెలుగు, తమిళంతో పాటు హిందీ, ఒడియా కూడా వినిపిస్తున్నాయి.

రైలు, ఆపై రాకెట్టు

ఈ తీరాన్ని మొదట మద్రాసుకు దగ్గర చేసింది రైలు. 1899లో మద్రాసు-బెజవాడ మార్గం పూర్తయింది. నేడు చెన్నై సబర్బన్ రైళ్లు కొన్ని గుమ్మిడిపూండి దాటి, తడ మీదుగా చెన్నైకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సూళ్లూరుపేట దాకా వస్తున్నాయి.

రెండో మలుపు శ్రీహరికోట. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఈ దీవిని 1969లో రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. తరతరాలుగా అక్కడ బతికిన యానాది కుటుంబాలు దీవి విడిచి రావలసి వచ్చింది. దేశం గర్వించే ప్రతి ప్రయోగం వెనుకా వాళ్ల త్యాగముందని మరవకూడదు. దీవిలోని అంతరిక్ష కేంద్రం షార్ ఉద్యోగులతో సూళ్లూరుపేట పెరిగింది. కాళంగి ఒడ్డున, తలుపులు లేని గుడిలో కొలువైన చెంగాళమ్మకు ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు మొక్కుకోవడం ఇక్కడ ఆనవాయితీ.

సరిహద్దే పెట్టుబడి

మూడో మలుపు 2008 ఆగస్టు. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి పారిశ్రామిక నగరం శ్రీసిటీని ప్రారంభించారు. అప్పటి నెల్లూరు జిల్లా తడను ఆనుకుని, నాటి చిత్తూరు జిల్లా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఏడున్నర వేల ఎకరాల్లో అది విస్తరించింది. దాని బలం చోటులోనే ఉంది. భూమి ఆంధ్రాది, చెన్నై గంట ప్రయాణం. అటు చెన్నై, ఎన్నూరు రేవులు, ఇటు కృష్ణపట్నం, గడప ముందే జాతీయ రహదారి.

ఇక పరిశ్రమలు వరస కట్టాయి. ఆల్‌స్టామ్ ఇక్కడ తయారుచేసిన బోగీలు చెన్నై, కొచ్చి మెట్రోల్లోనే కాదు, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ పరుగెడుతున్నాయి. 2015లో ఫాక్స్‌కాన్ షామీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఇసుజు, 2023లో డైకిన్ ప్లాంట్లు తెరుచుకున్నాయి. చదువుల కోసం 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా యూనివర్సిటీ వచ్చాయి.

ఇదంతా చూస్తే గర్వంగానే ఉంటుంది. నెల్లూరు, చిత్తూరు పల్లెల ఆడపిల్లలు సొంత జీతంతో ఇంటికి డబ్బు పంపడం చిన్న మార్పు కాదు. అయితే కర్మాగారం ప్రణాళిక ప్రకారం పెరిగింది, దాన్ని నడిపేవాళ్ల ఊరు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకున్న మేడలతో పెరిగింది. ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటున్నారు. బాడుగ ఇల్లు దొరికితే నీళ్ల వసతి సరిగా ఉండదు, అన్నీ ఉంటే బాడుగ అందదు. పెళ్లయి పిల్లలు పుట్టాక ఇక్కడే స్థిరపడదామనుకునేవాళ్లకు మంచి బడి, పెద్దాసుపత్రి కావాలి. తడ మాత్రం ఇంకా మండల కేంద్రం హోదాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. జిల్లా మారినా అవసరాలు మారలేదు.

సరస్సు ఓర్చుకోదు

మరో హెచ్చరిక పులికాట్‌ది. దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కాళంగి, ఆరణి నదుల నీళ్లు చేరేది ఇందులోకే. కాబట్టి ఈ ఊళ్ల మురుగును శుద్ధి చేయకుండా వదిలితే చివరికి అది జాలరి వలలోకే వస్తుంది. రాయదొరువు ముఖద్వారం పూడి, సముద్రపు నీరు రాక మత్స్యకారులు ఇప్పటికే నష్టపోయారు. ఫ్లెమింగోలు మేత వెతుక్కునేదీ, నేలపట్టు గూడబాతులు పిల్లలకు చేపలు తెచ్చేదీ ఈ నీటినుంచే. 2001 నుంచి పక్షుల పండుగ జరుపుకుంటున్న ప్రాంతం పక్షుల నీటినే పాడుచేసుకోకూడదు.

చేయవలసింది స్పష్టమే. తడ, సూళ్లూరుపేట, శ్రీసిటీలను ఒకే నగరంగా చూసి ప్రణాళిక వేయాలి. కార్మికులకు అందుబాటు బాడుగలో ఇళ్లు, షిఫ్టులకు సరిపడా రైళ్లు, ప్రభుత్వ ఆసుపత్రి, మురుగుశుద్ధి కేంద్రాలు రావాలి. చెరువుల్లో, వాగుల్లో లేఅవుట్లు వేయనివ్వకూడదు. కంపెనీల కోసం ఎకరాలు సేకరించగలిగిన ప్రభుత్వానికి కార్మికుల ఇళ్లకు స్థలం చూపడం అసాధ్యమేమీ కాదు. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.