ప్రపంచ సంగీత అధ్యయనం

ప్రపంచ సంగీత అధ్యయనం అనగా వివిధ జాతుల, ప్రాంతాల సంగీతాన్ని ఆయా ప్రజల భాష, ఆచారాలు, జీవన విధానంతో కలిపి నేర్చుకొనే విద్యావిధానం. అమెరికా, ఐరోపా దేశాల విశ్వవిద్యాలయాలు దీనిని తరగతి గదిలో బోధించడంతో పాటు, వేసవి సెలవులలో విద్యార్థులను ఇతర దేశాలకు పంపి కొన్ని వారాల పాటు అక్కడే నేర్చుకొనే ఏర్పాటు కూడా చేస్తాయి. భారతదేశానికి, అందులో తెలుగు ప్రాంతాలకు కూడా ఇటువంటి విద్యార్థులు వస్తుంటారు. ఈ వ్యాసంలో ఆ అధ్యయన చరిత్ర, పద్ధతులతో పాటు మార్కాపురం, గిద్దలూరు పరిసరాలైన పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి దానితో గల సంబంధం వివరించబడినది.

చరిత్ర

పాశ్చాత్యేతర సంగీతాల శాస్త్రీయ పరిశీలనకు 'ఎత్నోమ్యూజికాలజీ' అనే పేరును డచ్చి పండితుడు యాప్ కున్‌స్ట్ 1950లో ప్రచారంలోకి తెచ్చాడు. దీనిని తెలుగులో జాతి సంగీత శాస్త్రం అనవచ్చును. 1955లో అమెరికాలో ఈ శాస్త్రానికి ఒక సంఘం ఏర్పడింది. 'వరల్డ్ మ్యూజిక్' అనే మాటను 1960ల తొలినాళ్ళలో వెస్లియన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఇ. బ్రౌన్ వాడుకలోకి తెచ్చినట్లు చెబుతారు. ఈయన మృదంగం నేర్చినవాడు. సెంటర్ ఫర్ వరల్డ్ మ్యూజిక్ అనే సంస్థను స్థాపించాడు. 2005లో మరణించాడు.

1987లో లండనులో కొందరు రికార్డుల వ్యాపారులు సమావేశమై, దుకాణాలలో విదేశీ సంగీతాన్ని ఒకచోట అమర్చడానికి ఇదే పేరును ఎంచుకొన్నారు. ఈ విధంగా ఒకే మాటకు విద్యాలయంలో ఒక అర్థం, అంగడిలో మరొక అర్థం ఏర్పడినవి.

అధ్యయన పద్ధతి

మాంటిల్ హుడ్ అనే ఆచార్యుడు 1960లో ఒక ముఖ్యమైన ప్రతిపాదన చేశాడు. రెండు భాషలు మాట్లాడే మనిషి వలె విద్యార్థి రెండు సంగీతాలలో అభ్యాసం పొందాలని, పరాయి సంగీతాన్ని గురించి వ్రాసేముందు దానిని స్వయంగా పాడడమో వాయించడమో నేర్చుకోవాలని ఆయన అభిప్రాయం. అందువలన ఈ వేసవి శిక్షణలలో ఉపన్యాసాల కంటే గురువు ఎదుట కూర్చొని చేసే సాధనకు ప్రాధాన్యం ఎక్కువ.

ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ జాన్ హిగ్గిన్స్ (1939-1984). వెస్లియన్‌లో చదివిన ఈ అమెరికన్, నర్తకి బాలసరస్వతి సోదరులైన రంగనాథన్, విశ్వనాథన్‌ల శిష్యరికం చేసి, మద్రాసు వచ్చి కర్ణాటక సంగీత కచేరీలు చేసే స్థాయికి ఎదిగాడు. రసికులు ఆయనను 'హిగ్గిన్స్ భాగవతార్' అని పిలిచేవారు.

కర్ణాటక సంగీతం నేర్చే విదేశీయులకు త్యాగరాజ కృతుల మూలంగా తెలుగు తప్పనిసరి అవుతుంది. కృతి పాడేటప్పుడు హ్రస్వాక్షరం కూడా తాళాన్ని బట్టి సాగుతుంది. ఆ సాగదీతలో మాట ఎక్కడ విరవవచ్చునో, ఎక్కడ విరవరాదో అర్థం తెలిసినవారికే తెలుస్తుంది. స్వరం తప్పకపోయినా పదవిభజన తప్పితే భావం చెడుతుంది. భాష రాని తమిళ, కన్నడ గాయకులకు కూడా ఈ చిక్కు ఉన్నది.

తెలుగు ప్రాంతాలలో అవకాశాలు

హైదరాబాదు విశ్వవిద్యాలయం 1998 నుండి 'స్టడీ ఇన్ ఇండియా' కార్యక్రమం ద్వారా విదేశీ విద్యార్థులను చేర్చుకొంటున్నది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ తెలుగు భాషా శిక్షణను విశాఖపట్నంలోను, తరువాత హైదరాబాదులోను నిర్వహించింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో జానపద కళలకు, కూచిపూడి నాట్యానికి ప్రత్యేక విభాగాలు ఏర్పడినవి.

తెలుగువారు తాము కూడా తమ పాటలను సేకరించారు. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు, తంగిరాల వేంకట సుబ్బారావు మొదలైనవారి కృషి ఇందులో ముఖ్యమైనది. విదేశీ పరిశోధకులలో జీన్ రోఘేర్ పేర్కొనదగినవాడు. ఈయన పశ్చిమ ప్రకాశానికి పొరుగున ఉన్న పల్నాడులో కారెంపూడికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను 1970ల దశాబ్దంలో రికార్డు చేశాడు. దాని ఆంగ్లానువాదం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి గ్రంథరూపంలో వెలువడింది.

పశ్చిమ ప్రకాశం

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఈ కారణంగా ఇక్కడి భాషలోను, పండుగలలోను రాయలసీమ పోలికలు, కోస్తా పోలికలు కలిసి కనిపిస్తాయి. సంగీతం చదివే విద్యార్థికి ఇది లాభదాయకమైన విషయం. ఈ ప్రాంతంలో గమనించదగినవి:

• ఆలయాలు: మార్కాపురం లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం, శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధమైన త్రిపురాంతకం. శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే భక్తుల భజనలు.

• చెక్కభజన, పండరి భజన, కోలాటం: వీటికి వేదిక అక్కరలేదు. రామమందిరం ముందు ఖాళీస్థలమే చాలును. పాట, తాళం, అడుగు మూడూ ఒకే మనిషి చేస్తాడు కనుక విడివిడిగా నేర్పడం కుదరదు.

• బుర్రకథ: కథకుడు తంబుర మీటుతూ, చేతి అందెతో తాళం వేస్తూ కథ చెబుతాడు. ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తారు. వారిలో ఒకరు హాస్యం, మరొకరు వర్తమాన విషయాలు అందుకొంటారు.

• పీర్ల పండుగ: మొహర్రం రోజులలో హిందువులు, ముస్లింలు కలిసి జరుపుకొనే ఈ పండుగలో గుండం చుట్టూ ఆడుతూ పాటలు పాడతారు.

• చెంచులు: దోర్నాల, యర్రగొండపాలెం మండలాలలోని నల్లమల గూడేలలో నివసిస్తారు. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడాడు కనుక ఆయన తమకు బావ అని వీరి విశ్వాసం. కృష్ణానదికి ఆవలి అమ్రాబాదు చెంచులను గూర్చి హైమన్‌డార్ఫ్ వ్రాసిన గ్రంథం 1943లో వెలువడింది. గూడేలలో కొన్ని పులుల అభయారణ్యం పరిధిలో ఉన్నందున అక్కడికి వెళ్ళడానికి అటవీశాఖ అనుమతి అవసరం.

కాలం కుదరకపోవడం

అమెరికా విద్యార్థుల వేసవి జూన్ నుండి ఆగస్టు వరకు. అది మనకు తొలకరి కాలం. శివరాత్రి ఫిబ్రవరి-మార్చి నెలలలో వస్తుంది. అహోబిలం పారువేట సంక్రాంతికి మొదలవుతుంది. కారెంపూడి వీరుల తిరునాళ్ళు కార్తీక అమావాస్యకు జరుగుతాయి. ఆషాఢంలో పెండ్లిండ్లు ఉండవు కనుక పెండ్లిపాటలు కూడా వినబడవు. అనగా ఇక్కడి సంగీతంలో అధిక భాగం ఆ మూడు నెలలలో మౌనంగా ఉంటుంది. మొహర్రం చాంద్రమానాన్ని అనుసరించి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024, 2025 సంవత్సరాలలో అది జులైలో వచ్చింది గాని, ఈ అనుకూలత ఎల్లకాలం ఉండదు.

ఈ లోటు తీర్చుకోవడానికి కొందరు కళాకారులను పిలిపించి, డబ్బిచ్చి, కెమెరా ముందు పాడించుకొంటారు. పాట దొరుకుతుంది గాని సందర్భం దొరకదు. నాట్లు వేసే స్త్రీ వంగి, నడుము నొప్పితో పాడే పాటకు, కుర్చీలో కూర్చొని పాడిన పాటకు ఊపిరిలోనే తేడా ఉంటుంది. నివేదికలో ఈ తేడాను తప్పక పేర్కొనాలి.

పాటపై హక్కు

ఈ అధ్యయనంలో వివాదాస్పదమైన విషయం ఇదే. పాడినవారి ఊరిలో ప్రతి లేకుండా, వారి పేరు కూడా లేకుండా రికార్డులు విదేశీ గ్రంథాలయాలకు చేరిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఈ లోపాన్ని సరిదిద్దే ఉద్దేశంతో నజీర్ జైరాజ్‌భాయ్ చొరవతో 1982లో భారతదేశంలో జాతి సంగీత శాస్త్ర భాండాగారం ఏర్పడింది. విదేశాలలోని భారతీయ సంగీత రికార్డుల ప్రతులను తిరిగి స్వదేశానికి రప్పించడం దీని లక్ష్యాలలో ఒకటి. పై పల్నాటి గ్రంథంలో గాయకుడి పేరు నిలిచి ఉండడం వలననే గాలెయ్య ఎవరో ఈనాటి పాఠకునికి తెలుస్తున్నది. పేరు వ్రాయని సేకరణలో పాట మిగిలినా మనిషి మిగలడు.

విద్యార్థులు పాటించవలసినవి

1. పాడినవారి పేరు, ఊరు, తేది, సందర్భం, ఎవరి వద్ద నేర్చారు అనే వివరాలు వారి అనుమతితో వ్రాసుకోవాలి.
2. రికార్డు చేసే ముందే దాని ఉపయోగం ఏమిటో వారి భాషలో చెప్పాలి. వద్దంటే మానివేయాలి.
3. ఒక ప్రతిని గాయకునికి, మరొక ప్రతిని ఊరి పాఠశాలకో గ్రంథాలయానికో ఇవ్వాలి.
4. పాటను విన్నది విన్నట్లు వ్రాయాలి. మాండలిక పదాలను గ్రాంథికంగా దిద్దరాదు.
5. పారితోషికం ముందుగా మాట్లాడుకోవాలి.

ఈ నియమాలు విదేశీయులకు మాత్రమే పరిమితం కావు. కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు కళాశాలల విద్యార్థులకు తిరునాళ్ళు, నాట్లు, పెండ్లిండ్లు అన్నీ అందుబాటులోనే ఉంటాయి. విదేశీ విద్యార్థికి ఎనిమిది వారాల సమయం మాత్రమే లభించగా, స్థానికులకు పన్నెండు నెలలూ లభిస్తాయి. చేతిలోని ఫోనుతోనే ఇంటి పెద్దల పాటలను భద్రపరచవచ్చును. ఆ పాటలు తెలిసినవారు ఉండగానే ఈ పని జరగవలసి ఉన్నది.