మొండితనం కాదు, లోపలి ఒత్తిడి

కొందరు పిల్లలు మాటిమాటికీ కళ్లు చికిలిస్తారు, భుజాలు ఎగరవేస్తారు, అకారణంగా గొంతు సవరించుకుంటారు. గద్దిస్తే కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెడతారు. ఆ కాసేపటి విరామమే పెద్దలను పొరబడేలా చేస్తుంది. ‘ఇప్పుడు ఆపగలిగినవాడు ఎప్పుడూ ఎందుకు ఆపలేడు? ఇది మొండితనమే’ అని తీర్మానిస్తారు. ఈ తీర్పు న్యాయమైనదేనా?

ఈ కదలికలనూ శబ్దాలనూ వైద్యులు ‘టిక్స్’ అంటారు. ఒకటికి మించిన కదలికలు, కనీసం ఒక శబ్దం 18 ఏళ్ల లోపు మొదలై, ఏడాదికి పైగా కొనసాగితే దానిని టూరెట్ సిండ్రోమ్‌గా గుర్తిస్తారు. 1885లో తొమ్మిదిమంది రోగుల స్థితిని వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరే దీనికి స్థిరపడింది. ఇది సాధారణంగా 5-7 ఏళ్ల వయసులో ప్రారంభమై, 10-12 ఏళ్ల నాటికి తీవ్రమై, యౌవనంలో చాలామందికి తగ్గుముఖం పడుతుంది.

పైకి కనిపించేది కదలిక మాత్రమే. దానికి ముందు చాలామందిలో కనిపించని అలజడి ఒకటి పుడుతుంది. కంట్లో నలుసు పడినట్లు, మెడ బిగుసుకున్నట్లు, గొంతులో ఏదో అడ్డుపడినట్లు ఉంటుంది. టిక్‌తో అది క్షణకాలం చల్లారి, తిరిగి తలెత్తుతుంది. రాబోయే తుమ్మును బిగబట్టిన అనుభవం మనందరికీ ఉన్నదే. ఆ పిల్లవాడు రోజంతా అటువంటి స్థితిలోనే ఉంటాడు. పదేళ్ల లోపువారిలో చాలామంది ఈ బాధను మాటల్లో చెప్పలేరు. కొందరికి చొక్కా మెడపట్టీ ఒరిపిడి, చిన్నపాటి చప్పుడు సైతం భరించరానివవుతాయి.

బిగబట్టడానికి ఎంతో ఏకాగ్రత ఖర్చవుతుంది. తరగతిలో కదలకుండా కూర్చోవడానికే శక్తినంతా వెచ్చించిన బిడ్డ చెవికి పాఠం ఎలా ఎక్కుతుంది? ‘బడిలో బాగానే ఉంటాడు, ఇంటికొస్తేనే ఇలా చేస్తాడు’ అని కొందరు తల్లులు వాపోతారు. పరాయివారి చూపులకు వెరచి ఆపుకున్నది, తనవారి మధ్య బయటపడుతుంది. అది ఆ ఇంటిపై బిడ్డకున్న నమ్మకానికి గుర్తు.

దీనికి చికిత్స ఉంది. లోపలి అలజడిని ముందుగా పసిగట్టి, టిక్‌కు బదులు దానికి అడ్డుకట్ట వేసే మరో కదలికను అలవరచుకునే శిక్షణ అందులో ప్రధానమైనది. అమెరికాలో 126 మంది పిల్లలపై జరిపి 2010లో వెలువరించిన అధ్యయనంలో, ఈ శిక్షణ పొందినవారిలో సగానికి పైగా మెరుగయ్యారు. అవసరాన్ని బట్టి మందులూ ఉన్నాయి. నరాల వైద్యుణ్ణి గానీ, పిల్లల మానసిక వైద్యుణ్ణి గానీ సంప్రదించండి.

శిక్షణ వేరు, గద్దింపు వేరు. మొదటిది బిడ్డ చేతికి ఉపాయాన్నిస్తుంది, రెండవది అవమానాన్ని మిగులుస్తుంది. కాబట్టి టిక్‌ను పదే పదే ఎత్తిచూపకండి, తోబుట్టువులను వెక్కిరించనివ్వకండి. ఉపాధ్యాయులకు ముందుగానే విషయం తెలియజేయండి. పాఠం అప్పజెప్పేటప్పుడు బిడ్డ గొంతు మధ్యలో ఆగితే, అది తేరుకునే వరకు ప్రశాంతంగా వేచి ఉండండి. ఆ నాలుగు క్షణాల ఓర్పు మనకు భారం కాదు, ఆ బిడ్డకు మాత్రం ఎంతో ఊరట.