అరువు తెచ్చుకున్న ఓపిక

'స్టెరాయిడా? అమ్మో, వద్దు!' అనే ఇళ్లున్నాయి. 'ఆ మాత్ర వేస్తే నాన్న నాలుగు ముద్దలు తిన్నాడు, ఇంకో రెండు పట్టీలు తెద్దాం' అనే ఇళ్లూ ఉన్నాయి. ముదిరిన క్యాన్సర్‌లో బాధ తగ్గించడానికి ఇచ్చే ఈ మందు విషయంలో అతి భయమూ నష్టమే, అతి నమ్మకమూ నష్టమే. మరి ఎప్పుడు వాడాలి? ఎన్నాళ్లు వాడాలి?

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ హైవే మీద వచ్చే బస్సులకు నగరంలోకి గుమ్మం ఎల్బీనగర్. పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చేవాళ్లు ఎందరో అక్కడే దిగుతారు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి గల్లీల్లో కొడుకింట్లోనో కూతురింట్లోనో ఉండి వైద్యం చేయించుకుంటారు. కీమో అయింది, రేడియేషన్ అయింది. 'ఇక జబ్బును తగ్గించే మందు లేదు, బాధ లేకుండా చూసుకుందాం' అని డాక్టరు చెప్పారు. ఆ తర్వాత చేతికొచ్చే చీటీలో తరచూ కనిపించే పేరు డెక్సామెథాసోన్. పట్టీ ఖరీదు కొద్ది రూపాయలే. 'డెక్సా' అంటే తెలియని మందుల షాపు ఉండదు.

ఆ పేరు చూడగానే ఇంట్లోవాళ్ల గుండె జారుతుంది. కారణం లేకపోలేదు. ఆక్సిజన్ అవసరమైన కొవిడ్ రోగుల్లో మరణాలను తగ్గిస్తుందని 2020లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధన తేల్చడంతో ఈ మాత్ర ఇంటింటికీ తెలిసింది. మరుసటేడు రెండో దశలో, అదుపులేని చక్కెరకు స్టెరాయిడ్ల విచ్చలవిడి వాడకం తోడై బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. ఆ రోగులతో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజుల్ని ఈ చుట్టుపక్కల వాళ్లు ఇంకా మర్చిపోలేదు.

జబ్బుకు కాదు, వాపుకు!

మన కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. దానికి బంధువులే ఈ మందులు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన మహిళకు కార్టిసోన్ ఇస్తే, కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌తోపాటు మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది.

లుకేమియా, లింఫోమా లాంటి రక్తసంబంధ క్యాన్సర్లలో స్టెరాయిడ్ చికిత్సలోనే భాగం. ఊపిరితిత్తులు, రొమ్ము, పేగు లాంటి చోట్ల వచ్చే గడ్డల్ని మాత్రం అది కరిగించదు. గడ్డ చుట్టూ చేరిన వాపును తీస్తుంది. అదే చాలాసార్లు పెద్ద ఊరట. మెదడులో గడ్డ ఉంటే పుర్రె సాగదు కాబట్టి వాపు లోపలే నొక్కి తలనొప్పి, వాంతులు తెస్తుంది. కాలేయం ఉబ్బితే దాని పైపొర సాగి డొక్కలో నొప్పి పుడుతుంది. ఇలాంటప్పుడు స్టెరాయిడ్ ఇస్తే ఒకట్రెండు రోజుల్లోనే తేడా తెలియొచ్చు.

ఆకలి, నీరసం, ఆయాసం

ముద్ద మింగని మనిషి 'ఇంకో ఇడ్లీ పెట్టు' అని అడిగితే ఇంటిల్లిపాదికీ పండగే. స్టెరాయిడ్ ఆ పని చేయగలదు. కాకపోతే ఆ ఆకలి సాధారణంగా కొన్ని వారాలే నిలుస్తుంది. తిన్నదంతా కండగా మారదు. నీరసం సంగతీ అంతే. రోజుకు రెండుసార్లు 4 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు ఇస్తే నీరసం తగ్గిందని 2013లో వెలువడిన అమెరికా పరిశోధన చెప్పింది. అప్పటికే మార్ఫిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లకు స్టెరాయిడ్ జోడిస్తే నొప్పి అదనంగా తగ్గలేదని, ఆకలీ ఓపికా మాత్రం మెరుగుపడ్డాయని 2014లో నార్వే పరిశోధన తేల్చింది.

ఆయాసం విషయంలో మాత్రం జాగ్రత్త. క్యాన్సర్ రోగుల ఆయాసానికి డెక్సామెథాసోన్ ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లకు ఎక్కువ మేలేమీ జరగలేదు. పైగా దుష్ప్రభావాలు పెరిగాయి. కాబట్టి ఎగశ్వాస రాగానే డబ్బాలో మిగిలిన మాత్ర వేసేయడం తెలివైన పని కాదు.

కనిపెట్టుకుని ఉండాలి

ఈ హాయి ఊరికే రాదు. అప్పులాంటిది, వడ్డీ కట్టాల్సిందే. ముందుగా చక్కెర. పొద్దున మాత్ర వేసుకుంటే చక్కెర పెరిగేది ఎక్కువగా మధ్యాహ్నం, సాయంత్రం. పరగడుపున చూసి 'బాగానే ఉంది' అనుకుంటే మోసపోతాం. రాత్రి భోజనానికి ముందు కూడా చూడాలి.

నోట్లో తెల్లటి పూత వస్తుంది. మంట పుట్టి, వచ్చిన ఆకలి కాస్తా పోతుంది. రోజూ టార్చి వేసి నోరు చూడండి, మందు తేలికే. నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, కొందరిలో మాటల్లో తడబాటు ఉంటాయి. నొప్పి మాత్రలు కూడా వాడుతుంటే కడుపులో పుండు పడే ముప్పు ఎక్కువ. నల్లటి విరేచనం అయితే వెంటనే చెప్పాలి. వారాలు గడిచేకొద్దీ తొడ కండరాలు బలహీనపడతాయి. పీట మీంచో, ఇండియన్ టాయిలెట్ నుంచో లేవలేకపోతే 'జబ్బు ముదిరింది' అని సరిపెట్టుకోవద్దు, మాత్ర వల్ల కూడా కావచ్చు. ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం బయటపడకపోవచ్చు.

మాత్రను టిఫిన్ తిన్నాక వేయాలి. రెండో మోతాదు ఉంటే మధ్యాహ్న భోజనంతో ముగించాలి. సాయంత్రం వేస్తే రాత్రంతా జాగారమే. మరో ముఖ్యమైన విషయం... ఈ మాత్రలు అర మిల్లీగ్రాములోనూ, 4 మిల్లీగ్రాముల్లోనూ దొరుకుతాయి. ఒకటి బదులు మరొకటి తెస్తే ఎనిమిది రెట్ల తేడా! షాపు దగ్గరే పట్టీ మీద అంకె చూసుకోండి.

ఆపే తేదీ అడగండి

ఆకలి కోసమో, ఓపిక కోసమో మొదలుపెడితే వారంలోగా ఫలితం తేల్చుకోవాలి. గుణం లేకపోతే ఆపేయాలి. ఉంటే, పనిచేసే అతి తక్కువ మోతాదుకు తగ్గించుకురావాలి. అలాగని ఇంట్లోవాళ్లు భయపడి ఉన్నట్టుండి మానిపించకూడదు. మూడు వారాలకు పైగా వాడితే శరీరం సొంత కార్టిసాల్ తయారీని తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించాలి. మింగలేని స్థితి వస్తే ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోవాలి.

ఒక సందర్భంలో మాత్రం గంటలు కూడా విలువైనవే. క్యాన్సర్ ఉన్నవారికి కొత్తగా వెన్ను నొప్పి మొదలై కాళ్లు తూలుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మూత్రం బిగుసుకుపోయినా అది వెన్నుపాము నొక్కుకుపోవడం కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్టెరాయిడ్‌తోపాటు రేడియేషనో, ఆపరేషనో త్వరగా అందితే కాళ్లు దక్కే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రావడం కష్టం.

ఒకే రైలు దూరం

బాధ తగ్గించడమే పనిగా పెట్టుకున్న వైద్యాన్ని ఉపశమన చికిత్స అంటారు. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం 2006లో డాక్టర్ గాయత్రి పాలట్ చొరవతో మొదలైంది. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే, మారే పనిలేకుండా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. రోగి కదల్లేకపోతే రిపోర్టులు తీసుకుని ఇంట్లోవాళ్లు వెళ్లి ముందు ఏంచేయాలో అడగొచ్చు. తీవ్రమైన నొప్పికి స్టెరాయిడ్ ప్రత్యామ్నాయం కాదు. దానికి వాడే మార్ఫిన్ మందుల షాపుల్లో మామూలుగా దొరకదు, ఇలాంటి గుర్తింపు పొందిన చోట్లే ఇస్తారు.

డాక్టరు చీటీ రాసేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇది దేనికోసం? పనిచేసిందని ఎలా తెలుస్తుంది? ఎప్పుడు, ఎలా ఆపాలి? నాలుగో ప్రశ్న మంచం మీదున్న మనిషిని అడగాల్సింది. ఓపిక వచ్చే ఆ రెండు మూడు వారాల్లో ఆయన ఏం చేయాలనుకుంటున్నారు? ఊరెళ్లి ఇల్లు చూసుకోవాలనుందా, మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కుర్చీ వేసుకుని కూర్చోవాలనుందా, మాటల్లేని తమ్ముడితో ఓసారి మాట్లాడాలనుందా? మాత్ర మొదలుపెట్టే రోజునే అడిగితే, ఆ పనికి వేళ దొరుకుతుంది.