గ్రౌండు ఊళ్లో, పిల్లలు పల్లెలో

సంక్రాంతి వచ్చిందంటే పశ్చిమ ప్రకాశంలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు మొదలవుతాయి. కొనకనమిట్ల చుట్టుపక్కల మన పల్లెల కుర్రాళ్లు ఆడతారు, బాగానే ఆడతారు. మరి జిల్లా జట్టులో, రాష్ట్ర జట్టులో, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల్లో వాళ్లెందుకు కనపడరు? ఈ మాట అడిగినప్పుడల్లా మాకు రెండు జవాబులొస్తాయి. పిల్లలకు ఆసక్తి ఉండాలి కదా అనేది ఒకటి, ఆటల్లో కులమేంటండీ అనేది ఇంకొకటి. రెండూ నిజం కాదు. అడ్డు ఎక్కడుందో, దాన్ని తీసెయ్యడానికి చట్టంలో ఏముందో చూద్దాం.

అసలు సంగతి నేలతోనే మొదలవుతుంది. హైస్కూలు గ్రౌండైనా పంచాయతీ ఖాళీ స్థలమైనా మామూలుగా ఊళ్లో ఉంటుంది. మాల, మాదిగ పల్లెలు ఊరికి అవతల ఉంటాయి. మీరు ఆడొద్దని ఎవరూ బోర్డు పెట్టరు. సాయంత్రం ఐదింటికి గ్రౌండు ఎవరిది, నెట్టు ఎవరు కట్టాలి, కెప్టెన్ ఎవరు, ఓడితే తిట్టు ఏ పేరుతో వస్తుంది అనేవి బోర్డు లేకుండానే తేలిపోతాయి. సరదాకు పోయే చోట కులం ఉండదనుకునేవాళ్లు చుండూరును గుర్తు చేసుకోవాలి. 1991 ఆగస్టు 6 నాటి హత్యాకాండకు దారితీసిన గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతోనే మొదలైంది.

గ్రౌండులోకి రానిచ్చినంత మాత్రాన అయిపోదు. పల్వంకర్ బాలూ పుణెలో గ్రౌండు పనివాడిగా మొదలై, దేశంలోనే పేరున్న బౌలర్ అయ్యాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అదే మనిషికి పుణెలో టీ విరామంలో పెవిలియన్ బయట, మట్టి కప్పులో టీ ఇచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఎప్పుడూ దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది, అదీ పోరాడాక. ఇదంతా వందేళ్ల కిందటి మాట అనుకుందామంటే, 2021 టోక్యో ఒలింపిక్స్ ఉండనే ఉంది. హాకీలో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆ పని చేసిన మొదటి భారత మహిళ ఆమే. నాలుగు రోజులకు అర్జెంటీనా మీద జట్టు ఓడింది. హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది.

ఇక ఒంటి సంగతి. ఈ ప్రాంతం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడంతో ఆగదు, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ప్లాంటు నీళ్ల క్యాను కొనగలిగిన ఇంటి పిల్లకూ, కొనలేని ఇంటి పిల్లకూ పరుగు ఒకేలా ఉండదు. జనవరి దాటితే మిరపకోతలకు గుంటూరు వైపు వలసలు. అమ్మానాన్నలతో పాటు పోయిన పిల్లాడికి సాధన ఏముంటుంది? ఆడపిల్లలకు ఇంకో చిక్కు ఉంది. సాయంత్రం ప్రాక్టీసు ముగించుకుని చీకటి పడ్డాక ఊళ్లోంచి పల్లెకు నడిచి రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి ఎంపికలకు పోయే చార్జీల బాధ కొంత తగ్గింది. మగపిల్లలకు అదీ లేదు.

మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అడ్డు బయటికి కనపడనిది: పిల్లల్లోని ఆటను గుర్తుపట్టే పెద్దమనిషి లేకపోవడం. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట సామాను ఉండాలంది. వ్యాయామ విద్యకు మాత్రం పార్ట్‌టైం బోధకుణ్ణి, అదీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న చోటే అడిగింది. పల్లెలోని ప్రాథమిక బడికి పీఈటీ లేడు. కడప దగ్గర పుట్లంపల్లి క్రీడా పాఠశాలేమో పిల్లల్ని సరిగ్గా ఆ ప్రాథమిక బడి వయసులోనే ఎంచుకుంటుంది. ఎవరి పిల్లల పరుగును ఎవరో ఒకరు చూసి దరఖాస్తు నింపిస్తారో, వాళ్లే ఎంపికల దాకా పోతారు. మన పిల్లలు సంక్రాంతి టోర్నమెంట్లో గెలిచిన కప్పు ఇంట్లో పెట్టుకోవడానికే పనికొస్తుంది, స్పోర్ట్స్ కోటాకు గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్టు కావాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు, సంతోషం. స్కూల్ గేమ్స్‌లో మండలం దాటని పిల్లలకు దానితో ఒరిగేదేమిటి?

గుర్తుపట్టే మనిషి ఉంటే ఏమవుతుందో 2014 మే 25న చూశాం. ఆ రోజు సాధనపల్లి ఆనంద్ కుమార్, మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఆనంద్ ఖమ్మం జిల్లా దళిత బాలుడు, పూర్ణ నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి, పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. దీన్ని అద్భుతం అని చెప్పుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకున్నారు. పిల్లల్ని భువనగిరి గుట్ట మీద పరీక్షించారు, కొందరిని డార్జిలింగ్ పంపారు, అందులోంచి వడపోసి లద్దాఖ్ చలిలో తిప్పారు. తిండి, బూట్లు, కోచ్, ఖర్చు అన్నీ సంస్థవే. పేద ఇంటి మీద పడాల్సిన బరువును సంస్థ మోసింది. కొనకనమిట్ల లాంటి మండలంలో అడగాల్సింది కూడా అదే.

గ్రౌండు విషయంలో చట్టం మన పక్కనే ఉంది. రాజ్యాంగం 15(2) ప్రకారం ప్రభుత్వ ధనంతో నడిచే, ప్రజలందరికీ ఉద్దేశించిన స్థలాల్లో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జడ్‌ఏ) ఇంకా స్పష్టంగా చెప్పింది: ఉమ్మడి వనరులను ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకపోవడం, బహిరంగ స్థలంలోకి రానివ్వకపోవడం నేరం. పదిమందిలో కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కిందికి వస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు, దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి.

కేసు దాకా పోకముందే చెయ్యగలిగింది చాలా ఉంది. ఆ స్థలం పోరంబోకా, పంచాయతీదా, బడిదా అని రెవెన్యూ రికార్డులో చూడండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఉపాధి హామీ పనుల జాబితాలో ఆటస్థలాల నిర్మాణాన్ని చేర్చారు. 2013 ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది, దాని నిధుల్లో మన పిల్లల ఆటకు ఎంత పెట్టారో ఆర్టీఐ వేసి అడగండి.

ఒక జాగ్రత్త. గొడవ ఎందుకు, మీ కాలనీలోనే వేరే గ్రౌండు ఇస్తాం అంటారు. ఇస్తే తీసుకోవాలి, ఇంటి దగ్గర నెట్టు ఉంటే ఆడపిల్లలకు మంచిదే. దాని బదులు ఊరి గ్రౌండు వదులుకుంటామని మాత్రం సంతకం పెట్టొద్దు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేరే చెరువు అడగలేదు, అందరూ తాగే చవ్‌దార్ చెరువు నీళ్లే తాగారు. కాబట్టి దరఖాస్తులో స్థలం సర్వే నంబరు, ఆడుకునే వేళలు, జట్టులోని పిల్లలందరి పేర్లు రాసి, పంచాయతీ కార్యదర్శికి ఒకటి, హెడ్మాస్టరుకు ఒకటి ఇవ్వండి. రెండింటికీ తేదీ వేసిన రశీదు తీసుకోండి.